కొత్తపేట గదిలో ఎదురుచూపు ఖరీదెంత?

ఉదయం ఐదున్నర. కొత్తపేటలో మెట్రో పిల్లర్ల పక్కన ఇడ్లీ బండి నుంచి ఆవిరి లేస్తోంది. ఎల్బీనగర్‌లో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు దిగినవాళ్లు భుజాన బ్యాగు, చేతిలో బియ్యం సంచి, ఊరగాయ డబ్బాతో హాస్టళ్ల సందుల్లోకి నడుస్తున్నారు. రాత్రంతా స్టడీ హాల్లో కూర్చున్నవాళ్లు కళ్లు నులుముకుంటూ టీ కోసం బయటికొస్తున్నారు. కొత్తగా వచ్చినవాడు, ఇక్కడే పాతబడినవాడు ఒకే బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"అన్నా, నోటిఫికేషన్ ఎప్పుడొస్తదంటున్నరు?"

జవాబూ ఒకటే. "వస్తదంటున్నరు తమ్మీ."

ఈ రోడ్డు రూపు చాలా మారింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. దశాబ్దాల పాటు ఇక్కడున్న పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలాన్ని టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. మారనిది ఉద్యోగం కోసం వచ్చి గది తీసుకునేవాళ్ల వరసే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, చైతన్యపురిలో హాస్టల్, కొత్తపేటలో స్టడీ హాల్. అదే ఎర్ర లైను మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు. చాలామంది ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు తిరుగుతారు. మెట్రో పిల్లర్లకూ కరెంటు స్తంభాలకూ అతికించిన పోస్టర్లు మాత్రం రెండు చోట్లా అవే: "అర్జెంటుగా కావలెను", "ఇంటి వద్దే పని, వెంటనే జాయినింగ్".

ఈ కథనం ఆ మధ్యలో ఇరుక్కున్నవాళ్ల కోసం. ఇది మోటివేషన్ క్లాసు కాదు. ఎదురుచూడటానికి కూడా ఖర్చవుతుంది, ఆ ఖర్చు కాగితం మీద రాసుకోవాలి, దానికో గడువు పెట్టుకోవాలి, ఆ గడువు లోపల చేతిలో ఏదో ఒక పని ఉండాలి. చెప్పదలచుకున్నది ఇదే. ఎలా అన్నదే అసలు విషయం.

రెండు దారులూ ఇరుకే

ముందు ప్రైవేటు సంగతి. కరోనా తర్వాత ఐటీ కంపెనీలు పోటీపడి మనుషుల్ని తీసుకున్నాయి. ఆ ఊపు చూసి బీటెక్‌లో చేరినవాళ్లు బయటికొచ్చేసరికి సీన్ మారిపోయింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య 63 వేలకు పైగా తగ్గింది. అంతమందినీ తీసేశారని కాదు. వెళ్లిపోయినవాళ్ల కుర్చీల్లో చాలావాటిని కొత్తవాళ్లతో నింపలేదు. కాబట్టి దెబ్బ ఎవరికి తగిలిందో విడిగా చెప్పక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో ఏడాదికి ఆరున్నర లక్షల జీతమని ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను, మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది.

కేంద్ర ప్రభుత్వం చేసే కార్మిక సర్వేలో 2023 జులై నుంచి 2024 జూన్ వరకు దేశం మొత్తం మీద నిరుద్యోగ రేటు 3.2 శాతం. అదే 15 నుంచి 29 ఏళ్ల వాళ్లను విడిగా లెక్కేస్తే 10.2 శాతం. మూడు రెట్లు. ఇంట్లో నాన్న "అందరికీ వస్తున్నయి గదా, నీకెందుకు వస్తలేదు" అన్నప్పుడు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. అందరికీ మార్కెట్ ఒకేలా లేదు.

సర్కారు కొలువు సంగతి ఇంకో రకం. తెలంగాణ ఉద్యమ నినాదంలోని మూడు మాటల్లో ఒకటి నియామకాలు. ఆ ఉద్యమంలో ప్రాణమిచ్చిన శ్రీకాంతాచారి విగ్రహం ఎల్బీనగర్ చౌరస్తాలోనే ఉంది. కొలువు అన్న మాటకు ఈ ప్రాంతంలో అంత బరువుంది. అందుకే గ్రూప్-1 కథ ఇక్కడి ప్రతి గదిలోనూ కంఠతా వచ్చు.

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దు. జూన్‌లో మళ్లీ పరీక్ష. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే పక్కనపెట్టి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో పోస్టుకు ఏడు వందల మంది. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, 2025 మార్చిలో ర్యాంకులు. సెప్టెంబరు మొదట్లో హైకోర్టు సింగిల్ జడ్జి మెయిన్స్ ఫలితాలను కొట్టేశారు, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది. నెలాఖరులో, తుది తీర్పుకు లోబడి అన్న షరతుతో, నియామక పత్రాలు ఇచ్చారు. మొత్తం మూడేళ్ల అయిదు నెలలు. 22 ఏళ్ల వయసులో మొదటి ప్రిలిమ్స్‌కు దరఖాస్తు చేసినవారికి పాతిక దాటిపోయింది. ఇది ఎంపికైనవాళ్ల సంగతి. కానివాళ్లకూ అదే కాలం గడిచింది.

గ్రూప్-2 అయితే 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. దరఖాస్తు చేసిన అయిదున్నర లక్షల మందిలో సగం మంది కూడా పరీక్ష హాలుకు రాలేదు. ఆ సగం ఏమయ్యారు? కొందరు చిన్న ఉద్యోగాల్లో చేరి ఉంటారు, కొందరికి పెళ్లిళ్లయి ఉంటాయి, కొందరు పుస్తకాలు అమ్మేసి ఊరికి వెళ్లి ఉంటారు. నాకు ఈ మొత్తం కథలో లీకేజీ కన్నా ఎక్కువ బాధ పెట్టిన విషయం ఇదే.

అన్నీ ఇలా సాగవు, అది కూడా చెప్పాలి. 2024 డీఎస్సీకి ఫిబ్రవరి చివర్లో 11,062 పోస్టులతో నోటిఫికేషన్ ఇచ్చి, జులై, ఆగస్టుల్లో పరీక్ష పెట్టి, అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చేశారు. ఎనిమిది నెలల్లోపే. ఏది పరుగెడుతుందో, ఏది కోర్టు మెట్లెక్కుతుందో అభ్యర్థి చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది మీ నెలలు, మీ ఇంటి డబ్బు.

నోట్‌బుక్ చివరి పేజీలో ఒక లెక్క

చివరి పేజీ తీయండి. హాస్టల్ ఫీజు, బయట తినే టిఫిన్లు, టీలు, స్టడీ హాల్, ఫోన్ రీచార్జి, బస్సు, మెట్రో, జిరాక్సులు, దరఖాస్తు ఫీజులు, పండక్కి ఊరెళ్లొచ్చే ఛార్జీ. ఏదీ వదలకుండా రాయండి. ఉదాహరణకు హాస్టల్‌కు ఆరు వేలు, మిగతావన్నీ కలిపి మూడు వేలు అనుకుందాం. నెలకు తొమ్మిది వేలు. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. మూడేళ్లకు మూడు లక్షల ఇరవై నాలుగు వేలు. కోచింగ్ ఫీజు ఇందులో కలపలేదు.

ఇది కనిపించే ఖర్చు. కనిపించనిది రెండో వరసలో రాయాలి. నెలకు పదిహేను వేలు వచ్చే ఏ చిన్న ఉద్యోగమైనా చేసి ఉంటే మూడేళ్లలో చేతికి వచ్చేది అయిదు లక్షల నలభై వేలు. రెండూ కలిపితే ఎనిమిది లక్షలు దాటింది. ఈ అంకె చూసి ప్రిపరేషన్ మానేయమని నేను చెప్పను. గ్రూప్స్ వస్తే జీవితాంతం ఉండే ఉద్యోగం, ఎనిమిది లక్షలు పెట్టదగ్గ పందెమే కావచ్చు. కానీ ఎంత పెడుతున్నామో తెలిసి పెట్టడం వేరు, తెలియకుండా పెట్టడం వేరు. ఎకరం పొలం కౌలుకు తీసుకునే రైతు కూడా విత్తనం, ఎరువు, కూలి ముందే లెక్కేసుకుంటాడు కదా!

ఆ పేజీ కింద ఒక తేదీ రాయండి. నోటిఫికేషన్ తేదీ కాదు, మీ తేదీ. "ఫలానా నెల దాకా పూర్తి సమయం చదువుతా. ఆ తర్వాత ఉద్యోగం చేస్తూ చదువుతా." ఈ రెండో వాక్యం ముఖ్యం. గడువు అంటే ఆశ వదులుకోవడం కాదు, పద్ధతి మార్చుకోవడం. ఆ తేదీని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అని అడిగి, తర్వాత ఒక్క క్షణం ఆగుతుంది చూశారా... ఆ ఆగిన క్షణంలో ఉన్న ప్రశ్న మీ ఇద్దరికీ తెలుసు. తేదీ చెబితే ఆ ప్రశ్న కొంచెం తేలికవుతుంది.

హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో వాళ్ల గడువు వాళ్లు పెట్టుకోరు, ఇంట్లోవాళ్లు పెడతారు. "ఈ ఏడాది రాకపోతే సంబంధాలు చూద్దాం" అంటారు. మీ తేదీ, మీ రెండో ప్లాను, నెలకు కొంత సొంత సంపాదన మీ చేతిలో ఉంటే ఆ సంభాషణలో మీ మాటకు బలం వస్తుంది. పార్ట్‌టైమ్‌గా చిన్న పిల్లలకు ట్యూషన్ చెప్పి తెచ్చుకునే నాలుగు వేలు కూడా అక్కడ పనిచేస్తుంది.

ముందు మూసుకునే తలుపు ముందు

ప్రిపరేషన్ ప్లాన్లు చాలావరకు సిలబస్ చూసి వేస్తారు. వయసు చూసి వేసేవాళ్లు తక్కువ. ఐబీపీఎస్ క్లర్క్ స్థాయి పోస్టులకు జనరల్ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 28. పీవోకు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో పోస్టును బట్టి 27 నుంచి 32 మధ్యలో ఆగిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకేమో, యూనిఫాం పోస్టులు మినహాయిస్తే, 2024 ఫిబ్రవరిలో గరిష్ఠ వయసును 44 నుంచి 46కు పెంచారు, రెండేళ్ల పాటు.

46 అనగానే చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం భయమేసింది. తలుపు అంతకాలం తెరిచి ఉంటే, "ఇంకో ఏడాది చూద్దాం" అనడానికి అడ్డు ఉండదు. పాతికేళ్లవాళ్లు గ్రూప్స్ మాత్రమే చదువుతూ బ్యాంకు తలుపు మూసుకుపోయాక అటు చూడటం ఇక్కడ మామూలే. క్రమం తిరగేయండి. ముందుగా మూసుకునే పరీక్షలు ముందు రాయండి. ఐబీపీఎస్ ఏటా జనవరిలో పరీక్షల క్యాలెండర్ ఇస్తుంది, చాలావరకు దానికి కట్టుబడుతుంది. అరిథ్మెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్ అక్కడ నేర్చుకుంటే వృథా పోవు. కంపెనీల ఫ్రెషర్ టెస్టుల్లో అడిగేదీ దాదాపు అదే. బ్యాంకులో చేరి, జీతం తీసుకుంటూ గ్రూప్స్ రాసేవాళ్లు కొందరున్నారు. నిద్ర తక్కువవుతుంది నిజమే. కానీ పరీక్ష వాయిదా పడినప్పుడు వాళ్లు హాస్టల్ ఫీజు గురించి కంగారుపడరు.

పడమర ఒక్కటే దిక్కు కాదు

ఉద్యోగం అంటే కొత్తపేట కుర్రాళ్లకు మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లడమే. హైటెక్ సిటీ, గచ్చిబౌలి. అందరూ అటే చూస్తారు. ఒకసారి ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి మిగతా మూడు వైపులా చూడండి.

సాగర్ రోడ్డు మీద బొంగులూరు గేటు దాటితే ఆదిబట్ల. అక్కడ టీసీఎస్ క్యాంపస్ ఉంది. పక్కనే టాటాల విమాన విడిభాగాల కర్మాగారాలు: అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారయ్యేది అక్కడే. మెకానికల్ డిప్లొమా, ఐటీఐ ఫిట్టర్ చేసినవాళ్లు సాఫ్ట్‌వేర్ కోర్సు ఫీజు కట్టే ముందు ఒకసారి అటు వెళ్లి ఏ ట్రేడ్ వాళ్లను, ఏ ఏజెన్సీ ద్వారా తీసుకుంటున్నారో కనుక్కోవాలి. ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డు పట్టుకుంటే పోచారంలో ఇన్ఫోసిస్ పెద్ద క్యాంపస్. దారిలో ఉప్పల్‌లో బీపీవోలు. పక్కన నాచారం, చర్లపల్లి పారిశ్రామిక వాడలు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ ప్రాంతమంతా ఫార్మా. దివీస్ ల్యాబ్స్ యూనిట్ అక్కడిదే. దండుమల్కాపూర్‌లో 2019లో మొదలైన చిన్న పరిశ్రమల పార్కు ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ వాళ్లకు క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ఉద్యోగాలు వెతకాల్సిన దారి ఇది. షిఫ్టులుంటాయి, రసాయనాల వాసన ఉంటుంది, మొదటి జీతం గొప్పగా ఉండదు. మూడేళ్ల అనుభవం వచ్చాక మాత్రం కంపెనీ మారేటప్పుడు మన మాట చెల్లుతుంది.

ఇంకో వైపు, సాగర్ రింగ్ రోడ్డు దాటి కాస్త ముందుకెళ్తే కంచన్‌బాగ్. డీఆర్‌డీవో ల్యాబులు, భారత్ డైనమిక్స్, మిధాని అన్నీ అక్కడే. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉప్పల్‌కు ఆవల. ఇవన్నీ అప్రెంటిస్‌లను తీసుకుంటూ ఉంటాయి. మన దగ్గర అప్రెంటిస్ అంటే ఐటీఐ వాళ్లకే అనుకుంటారు. కాదు. నాట్స్ పోర్టల్‌లో డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్లూ నమోదు చేసుకోవచ్చు. 2019 నాటి నిబంధనల ప్రకారమే డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9 వేలు, డిప్లొమా వాళ్లకు 8 వేల స్టైపెండ్. ఏడాది తర్వాత అక్కడే పర్మనెంట్ చేస్తారన్న గ్యారంటీ లేదు, ఆ ఆశతో చేరకండి. కానీ రెజ్యూమేలో "భారత్ డైనమిక్స్‌లో ఏడాది" అన్న వాక్యం ఖాళీ ఏడాది కన్నా ఎంతో మేలు. ఒక మెలిక ఉంది. ఇప్పటికే ఏడాది, అంతకు మించి ఉద్యోగ అనుభవం ఉంటే సాధారణంగా అర్హత ఉండదు. కాలేజీ దాటి చాలా ఏళ్లయినా ఉండదు. అందుకే డిగ్రీ చేతికొచ్చిన వెంటనే చూడాల్సిన దారి ఇది.

ఇక మన చుట్టుపక్కలే చూస్తే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, ప్రైవేటు బ్యాంకు బ్రాంచీలు, గోల్డ్ లోన్ కంపెనీలు, స్కూళ్లు ఎప్పుడూ ఎవరో ఒకర్ని తీసుకుంటూనే ఉంటాయి. మీరు ఫీజు కట్టే కోచింగ్ సెంటర్లకే మాక్ టెస్టుల ప్రశ్నలు రాసేవాళ్లు, డౌట్లు తీర్చేవాళ్లు కావాలి. లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు మెడికల్ కోడింగ్ వైపు వెళ్తుంటారు. కోర్సు చేశాక ఉద్యోగం గ్యారంటీ అనే సంస్థ మాట పక్కనపెట్టి, అనాటమీ గట్టిగా చదివి, వీలైతే సీపీసీ సర్టిఫికెట్ పరీక్ష రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది మీరు ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారని కాదు, ఎముకల పేర్లు.

ఆ రెండేళ్లు ఏం చేశారు?

గ్రూప్స్ చదివి ప్రైవేటు వైపు వచ్చేవాళ్లకు ఇంటర్వ్యూలో గొంతులో పచ్చి వెలక్కాయ పడేది ఇక్కడే. "2023లో డిగ్రీ అయింది. ఇప్పటిదాకా ఏం చేశారు?" చాలామంది తల దించుకుంటారు. కొందరు లేని అనుభవం చెబుతారు. రెండూ తప్పే. ఉన్నది చెప్పండి: పోటీ పరీక్షలకు చదివాను, ఫలానా పరీక్షలో ఇన్ని మార్కులు వచ్చాయి, నాకు నేను ఇంత గడువు పెట్టుకున్నాను, అది ముగిసింది, ఇప్పుడు ఈ పనికి పూర్తిగా సిద్ధంగా ఉన్నాను. ఇది అరనిమిషంలో చెప్పేయగలిగేలా అద్దం ముందు కాదు, రూమ్మేట్ ముందు పది సార్లు చెప్పి చూడండి. వాడు నవ్వకపోతే బాగా వచ్చినట్టు.

రెజ్యూమే ఒక పేజీ చాలు. "కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను" అన్న వాక్యాలు జిరాక్స్ షాపు ఫార్మాట్‌లో అందరికీ ఉంటాయి, ఎవరూ చదవరు. దాని బదులు చేసిన పని ఒక్కటి రాయండి. ఎక్సెల్‌లో హాస్టల్ మెస్ లెక్కలు చూశారా? అదే రాయండి. ఊళ్లో నాన్న ఎరువుల షాపు బిల్లులు మీరే రాసేవారా? అదీ పనే. బీటెక్ వాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టు కొని తెచ్చి ఉంటే ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. చిన్నదైనా సొంతంగా ఒకటి చేసి, దాని మీద ఎటు నుంచి అడిగినా చెప్పగలిగేలా ఉండండి. పోర్టళ్లలో రోజుకు వంద అప్లికేషన్లు నొక్కడం కన్నా, ఇప్పటికే చేరిన కాలేజీ సీనియర్లలో పదిమందికి ఫోన్ చేసి "అన్నా, మీ దగ్గర ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేస్తవా" అని అడగడం ఎక్కువ ఫలితమిస్తుంది. మొహమాటం వద్దు. రిఫరల్ ద్వారా మనిషి చేరితే చాలా కంపెనీల్లో వాళ్లకూ బోనస్ వస్తుంది.

డబ్బులు కడితే వచ్చే ఉద్యోగం

నేను డిగ్రీ పూర్తి చేసింది 2009లో. ఆ జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. అమెరికా మాంద్యం అప్పటికే తలమీద ఉంది. కొత్తపేటలో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. ఒకడి ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ రాలేదు, రాలేదు, ఇక రానే లేదు. నేను ఓ మెట్ల దారి మీదున్న కన్సల్టెన్సీలో "రిజిస్ట్రేషన్" పేరుతో పదిహేను వందలు కట్టాను. అప్పట్లో అది నా నెల ఖర్చు. రెండు వారాల తర్వాత వెళ్తే షట్టర్ వేసి ఉంది, కింద పాన్ డబ్బా అతను "నువ్వు ఇయ్యాల్టికి పదోవానివి తమ్మీ" అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఇంటికి చెప్పలేక ఆ నెల రాత్రి భోజనం మానేసినందుకు ఆ మెట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇప్పుడు ఆ పదిహేను వందలు లక్షలయ్యాయి. దాని పేరు "బ్యాక్‌డోర్". సగం ముందు, సగం జాయినయ్యాక అంటారు. ఆఫర్ లెటర్ వస్తుంది, ఒకటి రెండు నెలలు జీతం కూడా పడొచ్చు, అది మీ డబ్బే. తర్వాత ఆఫీసు ఉండదు. ఇంకో రకం, లేని కంపెనీలో మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారు చేసిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ రికార్డు చూస్తే ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో తేలిపోతుంది. ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ తర్వాతి కంపెనీల దాకా వెంటాడుతుంది.

ఉద్యోగం ఇచ్చేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ట్రెయినింగ్ డిపాజిట్, లాప్‌టాప్ సెక్యూరిటీ, యూనిఫాం ఫీజు, ఏ పేరైనా సరే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొడితే డబ్బులంటూ మొదట నూటయాభై వేసి, తర్వాత వేలు కట్టించుకునే టాస్కుల జోలికి వెళ్లొద్దు. అన్నిటికన్నా ప్రమాదం, "నీ బ్యాంకు అకౌంట్ వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అనేవాళ్లు. మోసం చేసిన డబ్బు మీ ఖాతా గుండా వెళ్తే పోలీసులు ముందు వచ్చేది మీ హాస్టల్‌కే. కేసు ఉన్నవాళ్లకు సర్కారు కొలువు కూడా కష్టమే. విదేశీ ఉద్యోగమంటే ఇంకా జాగ్రత్త. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ పేరు ఉందో లేదో చూశాకే మాట్లాడండి. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఆ గదిలో మిగతా ఇద్దరి సంగతి అడుగుతారేమో. ఆఫర్ రాని వాడు ఉప్పల్‌లో కాల్ సెంటర్ నైట్ షిఫ్టుకు వెళ్తూ పగలు బ్యాంకు పరీక్షలకు చదివాడు, మూడో ప్రయత్నంలో క్లర్కయ్యాడు. రెండోవాడు గ్రూప్స్ కోసం ఆరేళ్లు ఆగాడు. రాలేదు. ఇప్పుడు చైతన్యపురిలో అభ్యర్థులకు ఎకానమీ పాఠాలు చెబుతాడు, బాగా చెబుతాడని పేరు. ఆ ఆరేళ్లు వృథా అంటే ఒప్పుకోడు. నాలుగేళ్లకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాల్సింది అంటే మాత్రం కాదనడు.

ఆదివారం పేపర్లోనో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో వాక్-ఇన్ ప్రకటన కనిపిస్తే దాన్ని ముందు కంపెనీ సొంత సైట్‌లో సరిచూసుకోండి. రెజ్యూమేలు నాలుగు, మార్కుల మెమోల జిరాక్సులు రెండు సెట్లు, ఫొటోలు, ఆధార్, పెన్ను రాత్రే బ్యాగులో పెట్టుకోండి. చౌటుప్పల్ వైపైతే గంట, గంటన్నర ప్రయాణం. ఎల్బీనగర్ రింగ్ రోడ్డులో ఉదయం ఆరున్నరకల్లా బస్సెక్కితే ఎండ ముదరక ముందే గేటు దగ్గరుంటారు. టిఫిన్ తినే వెళ్లండి. లోపల ఎంతసేపు కూర్చోబెడతారో ఎవరూ చెప్పరు.